నూలు దారం, వెదురు పేడు: కార్బన్ బల్బు తయారీ డైరీ

టంగ్‌స్టన్ రాకముందు బల్బులో వెలిగింది బొగ్గు. సన్నటి దారాన్నో, కాగితాన్నో, వెదురునో గాలి తగలకుండా కాల్చి బొగ్గుగా మార్చి, గాలి తీసేసిన గాజు బుడ్డిలో వెలిగించేవాళ్లు. అమెరికాలో న్యూజెర్సీలోని మెన్లో పార్క్‌లో ఎడిసన్ బృందం, ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర జోసెఫ్ స్వాన్ 1878 నుంచి 1880 మధ్య చేసింది ఈ రకం బల్బునే. దాన్ని సికింద్రాబాద్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో మళ్లీ చేస్తున్నప్పుడు రాసుకున్న లెక్కలివి. ఇంకెవరైనా చెయ్యాలనుకుంటే ఏ దశలో ఏది విరుగుతుందో ముందే తెలుస్తుంది.

పెట్టుకున్న షరతులు:

1. ఫిలమెంటు (బల్బులో వెలిగే సన్నటి పోగు) మొక్కల నుంచి వచ్చినదే కావాలి. పెన్సిల్ ముల్లు వద్దు, కొన్న కార్బన్ ఫైబర్ వద్దు.
2. వేడెక్కాక రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) కనీసం 40 ఓమ్‌లు ఉండాలి.
3. పాదరసం వాడకూడదు. ఆ రోజుల్లో స్ప్రెంగెల్ పంపులో పాదరసం బొట్లు బొట్లుగా జారి గాలిని లాక్కెళ్లేవి. ఆ ఆవిరి విషం. ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దు.
4. వెలిగించేది 60 వోల్టుల లోపు డీసీతోనే.

రెండో షరతు ఎందుకంటే, పెన్సిల్ ముల్లు రెసిస్టెన్స్ కొద్ది ఓమ్‌లే. స్వాన్ మొదట్లో వాడిన కార్బన్ కడ్డీలూ అలాగే తక్కువ రెసిస్టెన్స్‌వి. ఒక్క బల్బును బల్ల మీద వెలిగించడానికి అవి చాలు, ఊరికి కరెంటు ఇవ్వడానికి చాలవు. 100 వాట్లను 10 వోల్టులతో పంపాలంటే 10 ఆంపియర్లు కావాలి, 100 వోల్టులతో అయితే ఒక్క ఆంపియరే. అదే రాగి తీగలో వేడిగా పోయే నష్టం నూరో వంతుకు పడిపోతుంది. మెన్లో పార్క్‌లో ఈ లెక్కలు వేసినవాడు ఫ్రాన్సిస్ అప్టన్ అనే గణితం చదివిన కుర్రాడు. సన్నటి ఫిలమెంటుకు రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి అది ఎక్కువ వోల్టులతో, తక్కువ కరెంటుతో వెలుగుతుంది. ఎడిసన్ దాని కోసం పట్టుబట్టింది రాగి ఖర్చు చూసుకునే. ఈ కారణం లేకపోతే ఇంత సన్నటి బొగ్గుతో ఇన్ని తిప్పలు పడాల్సిన అవసరమే లేదు.

దశ 1: దారాన్ని బొగ్గు చెయ్యడం

మొదట వాడింది బజారులో దొరికే కుట్టు దారం. రీలు మీద కాటన్ అని ఉంది. డబ్బాలో పెట్టి కాలిస్తే బొగ్గు రాలేదు, నల్లటి ముద్ద అయి అడుగున అంటుకుంది. అది పాలిస్టర్. కొనేముందు చివర అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది.

తర్వాత మగ్గం నేసేవాళ్ల దగ్గర నుంచి నూలు తెచ్చాను. పడుగు దారానికి గంజి పెడతారు. ఆ గంజి ఉండగా కాలిస్తే అక్కడక్కడా ఉబ్బి బుడిపెలు వచ్చాయి. వేడి నీళ్లలో ఉడికించి, కడిగి, బరువు కట్టి వేలాడదీసి ఆరబెట్టాక బుడిపెలు పోయాయి.

అసలు ఇబ్బంది కుంచించుకుపోవడం. 52 మి.మీ. దారం కాలాక 40 మి.మీ. అయింది. మందం 0.30 నుంచి 0.22 మి.మీ.కి తగ్గింది. బరువులో ఐదింట నాలుగు వంతులు పోయాయి. దారాన్ని రెండు చివరలా బిగించి కాలిస్తే మధ్యలో తెగుతుంది. వదులుగా పెడితే పాములా మెలి తిరుగుతుంది.

దీనికి పరిష్కారం 1882 జనవరిలో లూయిస్ లాటిమర్‌కు వచ్చిన పేటెంటులో ఉంది. ఆయన తల్లిదండ్రులు బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు. ఆయన డ్రాయింగులు గీసే ఉద్యోగంతో మొదలుపెట్టి బల్బుల తయారీలోకి వచ్చాడు. ఫిలమెంటును అట్టల మధ్య పెట్టి కాల్చాలన్నది ఆయన పద్ధతి. అట్ట కూడా మొక్కల నారే కాబట్టి ఫిలమెంటుతో పాటు దాదాపు అంతే కుంచించుకుంటుంది. దానివల్ల ఫిలమెంటు లాగబడదు, మెలి తిరగదు. నా డబ్బాలో ఫిలమెంట్లు నిటారుగా, ఒకే ఆకారంలో రావడం ఈ మార్పు తర్వాతే మొదలైంది.

చివరికి కుదిరిన పద్ధతి:

1. దారాన్ని ‘U’ ఆకారంలో రెండు అట్టముక్కల మధ్య పెట్టాలి. అట్టకు గ్రాఫైట్ పొడి రుద్దితే అంటుకోదు.
2. చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, చుట్టూ మెత్తటి బొగ్గుపొడి కూరాలి. మూతకు సన్నటి బెజ్జం ఒక్కటే.
3. 400 డిగ్రీల వరకు గంటకు 60 డిగ్రీల చొప్పున మాత్రమే పెంచాలి. నార విడిపోయి పొగ వచ్చేది ఇక్కడే. తొందరపెడితే దారం గుల్లగా అవుతుంది.
4. అక్కడి నుంచి 950 వరకు త్వరగా పెంచొచ్చు. ఒక గంట అక్కడే ఉంచాలి.
5. పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకూడదు. 300 డిగ్రీల దగ్గర తెరిస్తే గాలి తగిలి అంటుకుంటుంది.

ఇదంతా ఆరుబయటే చెయ్యాలి. డబ్బాలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

స్వాన్ తన దారాన్ని కాల్చేముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచేవాడు. నూలు పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నున్నటి తీగలా అయ్యేది. అది మంచి పద్ధతే. కాని దానికి బ్యాటరీ యాసిడ్ కంటే చాలా గాఢమైన యాసిడ్ కావాలి. ఇంట్లో అది పెట్టుకోలేను కాబట్టి చెయ్యలేదు. దాని ఫలితం దశ 3లో కనిపిస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్: 138 ఓమ్‌లు.

ఖర్చు: దారం 150, డబ్బాలు 200, బొగ్గుపొడి 100, థర్మోకపుల్ మీటరుతో 900, సెకండ్‌హ్యాండ్ మఫిల్ ఫర్నేస్ 6,500.
మొత్తం ఇప్పటివరకు: ₹7,850. ఎక్కువసేపు వెలిగినది: గాలిలో 2 సెకన్లు.

దశ 2: అతుకులు, కరెంటు, గాలి బదులు వేరే వాయువు

ఇత్తడి స్క్రూతో బిగిస్తే బొగ్గు పొడి అయింది. నికెల్ రేకు మడతలో నొక్కితే నిలబడింది కాని, అతుకు దగ్గర రెసిస్టెన్స్ ఎక్కువై ఫిలమెంటు కంటే ముందు అతుకే ఎర్రబడింది. ఎడిసన్ బృందం మొదట ప్లాటినం క్లిప్పులు వాడి, తర్వాత అతుకు మీద రాగి పూత పోసింది. నేను గ్రాఫైట్ పొడిని పంచదార పాకంతో కలిపి ముద్దగా పెట్టి, బొగ్గుపొడిలోనే 700 డిగ్రీల దాకా కాల్చాను. పాకం బొగ్గయి గట్టిగా పట్టుకుంది. బెల్లం పాకంతోనూ చేశాను. బెల్లంలో ఉన్న లవణాలు తర్వాత వ్యాక్యూమ్‌లో పొగలా వచ్చి గాజుకు తెల్లగా పట్టాయి. పంచదారే వాడండి. పాకం తక్కువ, గ్రాఫైట్ ఎక్కువ ఉండాలి, లేకపోతే నురగలా పొంగుతుంది.

కరెంటు విషయంలో ఒకటి జాగ్రత్త. లోహం వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఈ కార్బన్‌కు తగ్గుతుంది. నా ఫిలమెంటు 138 నుంచి 63 ఓమ్‌లకు దిగింది. వోల్టేజీని కట్టిపడేసి పెడితే వేడెక్కేకొద్దీ కరెంటు ఇంకా పెరుగుతుంది. అందుకే పవర్ సప్లైని కాన్‌స్టంట్ కరెంటు మోడ్‌లో (కరెంటు మారకుండా పట్టి ఉంచేలా) పెట్టి 0.1 ఆంపియర్ దగ్గర మొదలుపెట్టాలి. ఈ ఒక్క మార్పుతో, స్విచ్ వేసిన క్షణంలో తెగిపోవడం ఆగింది.

పంపు కొనకుండా గట్టెక్కే దారులు రెండు చూశాను.

కార్బన్ డయాక్సైడ్: నిప్పును ఆర్పే వాయువు కదా, పని చేస్తుందని అనిపిస్తుంది. కాని ఎర్రగా కాలుతున్న కార్బన్ దాంతోనూ కలుస్తుంది, ఇద్దరూ కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతారు. ఫిలమెంటు 40 సెకన్లలో కరిగిపోయినట్టు సన్నబడి తెగింది.

ఆర్గాన్: వెల్డింగ్ షాపులో సైకిల్ ట్యూబులోకి పట్టించుకుని తెచ్చాను. 9 నిమిషాలు వెలిగింది. కాని వాయువు వేడిని లాక్కెళ్లిపోతుంది. అదే వెలుగుకు దాదాపు రెట్టింపు వాట్లు పట్టాయి, ఫిలమెంటు మీద బోర్లించిన గాజు జాడీ (బెల్ జార్) ముట్టుకోలేనంత కాలింది. 1913లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ వాయువు నింపిన బల్బు చేశాడంటే, టంగ్‌స్టన్ తీగను స్ప్రింగులా చుట్టి వేడి పోయే చోటును తగ్గించాడు కాబట్టి. పెళుసు బొగ్గును అలా చుట్టలేం.

కాబట్టి పంపు తప్పదు.

ఖర్చు: గ్రాఫైట్ 250, ఎపాక్సీ జిగురు 350, బెల్ జార్, అడుగు పళ్లెం 2,600, 60 వోల్టుల సప్లై 5,800, ఇత్తడి బోల్టులు వగైరా 300, ఆర్గాన్ 100. ఈ దశకు 9,400.
మొత్తం: ₹17,250. ఎక్కువసేపు: 9 నిమిషాలు (ఆర్గాన్‌లో).

దశ 3: పంపు

ఏసీ మెకానిక్కులు వాడే రెండు దశల రోటరీ పంపు కొన్నాను. దాని మీద 15 మైక్రాన్లు అని రాసి ఉంది. ఇక్కడ మైక్రాన్ అంటే ప్రెషర్ కొలత. మామూలు గాలి ప్రెషర్ 7,60,000 మైక్రాన్లు. మెన్లో పార్క్‌లో పాదరసం పంపుతో గాలిని పదిలక్షల వంతుకు, అంటే సుమారు ముప్పావు మైక్రాన్‌కు తెచ్చారు. వాళ్లకు 140 ఏళ్ల కిందట దొరికిన శూన్యం ఈ పంపుతో రాదు. ఈ తేడాను ఎలా పూడ్చుకోవాలన్నదే మిగతా డైరీ అంతా.

పంపు నోటి దగ్గర గేజి 22 మైక్రాన్లు చూపించింది. అదే గేజిని జార్ దగ్గర పెడితే 640. మధ్యలో ఉన్నది మీటరున్నర సన్నటి రబ్బరు గొట్టం. ఇంత తక్కువ ప్రెషర్‌లో సన్నటి పొడవాటి గొట్టం మూత పెట్టినట్టే. 25 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గట్టి గొట్టం, జానెడు పొడవు చాలు. దానితో 210కి వచ్చింది.

లీకు ఉందో, తేమ ఉందో తేల్చే పరీక్ష:

1. పంపు గంటసేపు నడపాలి.
2. జార్‌కూ పంపుకూ మధ్య వాల్వు మూసి, నిమిషానికోసారి గేజి రాయాలి.
3. అంకె ఒకే వేగంతో పెరుగుతూ పోతే బయటి నుంచి లీకు.
4. మొదట పెరిగి, తర్వాత నెమ్మదించి ఒక చోట నిలబడితే లోపలి తేమ.

నా జార్‌లో రెండూ ఉన్నాయి. బోల్టుల చుట్టూ ఎపాక్సీలో ఉన్న సన్నటి బుడగలు లీకుకు కారణం. ఎపాక్సీ గీకేసి, ముందు పంపు పెట్టి కాస్త లాగుతూ మళ్లీ పూస్తే బుడగలు పగుళ్లలోకి దిగి మూసుకున్నాయి. రబ్బరు రింగుకు వ్యాక్యూమ్ గ్రీజు. పంపు ఆయిల్ మార్చడం. ఇవన్నీ అయ్యాక 70 మైక్రాన్లు.

జార్ చుట్టూ పాలీకార్బొనేట్ షీటు తప్పకుండా పెట్టండి. గాలి తీసిన గాజు పగిలితే ముక్కలు లోపలికి పోయి, ఎదురు వైపు నుంచి బయటికి దూసుకొస్తాయి.

నూలు ఫిలమెంటు 26 వోల్టుల దగ్గర నారింజ రంగులో, నిలకడగా వెలిగింది. 11వ నిమిషంలో తెగింది. కాని ఆ 11 నిమిషాల్లో గేజి చెప్పినది అన్నిటికంటే ముఖ్యం. స్విచ్ వెయ్యకముందు 70. వేసిన అర నిమిషానికి 400. పంపు ఆగలేదు, లీకు పెరగలేదు. వాయువు ఫిలమెంటు లోపలి నుంచే వస్తోంది. బొగ్గు మసాలా డబ్బా వాసన పట్టినట్టు గాలినీ తేమనూ పట్టి ఉంచుకుంటుంది, కాలినప్పుడు వదులుతుంది. అలా వదిలిన నీటి ఆవిరే తిరిగి ఎర్రటి కార్బన్‌ను తింటుంది.

తెగిన చోటును భూతద్దంలో చూస్తే, నూలు పోగు విడిపోయి సన్నబడ్డ చోటే అది. సన్నటి చోట రెసిస్టెన్స్ ఎక్కువ, కాబట్టి వేడి ఎక్కువ, కాబట్టి ఇంకా త్వరగా అరిగి ఇంకా సన్నబడుతుంది. యాసిడ్‌లో ముంచి నున్నగా చేస్తే ఈ బలహీనత తగ్గుతుంది. స్వాన్ దాని కోసం ఎందుకంత శ్రమపడ్డాడో భూతద్దం కింద స్పష్టంగా కనిపించింది.

ఖర్చు: పంపు 9,500, గేజి 5,200, గొట్టం, వాల్వు, గ్రీజు 1,900, ఆయిల్ 600. ఈ దశకు 17,200.
మొత్తం: ₹34,450. ఎక్కువసేపు: 11 నిమిషాలు.

దశ 4: బొగ్గు లోపలి గాలిని తీయడం

ఎడిసన్ 1879లో ఈ సంగతి ప్లాటినంతో పనిచేస్తూ పట్టుకున్నాడు. లోహాన్ని పంపు నడుస్తుండగానే వేడి చేస్తూ చల్లారుస్తూ ఉంటే లోపలి వాయువులు బయటికి వచ్చేవి, తీగ గట్టిపడేది. ప్లాటినం 1,768 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఫిలమెంటుగా పనికిరాలేదు. ఈ పాఠం మాత్రం కార్బన్‌కు అక్కరకొచ్చింది. స్వాన్ కూడా ఇదే నిర్ణయానికి వచ్చి, పంపు నడుస్తుండగా కార్బన్‌ను వెలిగించి వాయువులు తీసే పద్ధతికి 1880లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. నా దృష్టిలో కార్బన్ బల్బును నిజంగా పని చేయించింది ఈ మెట్టు. ఎవరు ఏ దారం వాడారన్న కథలకు దొరికిన చోటులో పదో వంతు కూడా దీనికి దొరకలేదు.

గాజును కూడా వేడి చెయ్యాలి, ఎందుకంటే గాజు గోడకు కంటికి కనపడని తేమ పొర ఉంటుంది. రబ్బరు రింగు, ఎపాక్సీ ఉన్న బెల్ జార్‌ను 150 డిగ్రీలకు వేడి చేస్తే అవి కూడా వాయువులు వదులుతాయి. అతుకులేని గాజు బుడ్డి కావాల్సి వచ్చింది.

గాజులోంచి తీగ తీయడం విడిగా ఒక విద్య. తీగ, గాజు ఒకే కొలతలో వ్యాకోచించాలి. ఒక డిగ్రీకి సోడా గాజు (మామూలు గాజు) పదిలక్షలకు సుమారు 9 పాళ్లు పెరుగుతుంది, ప్లాటినం కూడా 9. రాగి 17. ల్యాబుల్లో వాడే బోరోసిలికేట్ గాజు 3.3 మాత్రమే. అందుకే ఆనాటి బల్బుల్లో గాజులోంచి వెళ్లేది ప్లాటినం తీగ, ధర ఎంతైనా. ఇప్పుడు దాని బదులు నికెల్-ఇనుము తీగకు రాగి తొడిగిన డ్యూమెట్ వాడతారు. నేను బోరోసిలికేట్ గొట్టంలో డ్యూమెట్ తీగ పెట్టించి చూస్తే చల్లారేలోపే చుట్టూ పగులు వచ్చింది.

పాతకాలపు నియాన్ బోర్డులు చేసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే ఆ గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూసి, “గాజు వేడిలో మాట వింటుంది బాబూ, చల్లారేటప్పుడే ఎదురు తిరుగుతుంది” అన్నారు.

“మరి ఏం చెయ్యమంటారు మాస్టారూ?”

“ఈ గాజు ఇక్కడే వదిలెయ్. పాత బల్బు లోపలి కాడ పట్రా. తీగ, గాజు ఆ కంపెనీవాడే కలిపి పెట్టాడు. నేను దానికి బుడ్డి అతుకుతా.”

మాడిపోయిన మామూలు బల్బులోని గాజు కాడలో డ్యూమెట్ తీగలు ముందే సీలై ఉంటాయి. ఆ కాడకు నా ఫిలమెంటు అతికి, సోడా గాజు బుడ్డిని ఆయన మంట మీద కలిపారు. తర్వాత మంటను పచ్చగా, మసి పట్టేంత చల్లగా చేసి చాలాసేపు తిప్పుతూ ఉన్నారు. అతుకు నిలబడడానికి ఆ చివరి భాగమే కారణం.

ఇప్పటి క్రమం:

1. పంపు నడుస్తుండగా బుడ్డికి హీటింగ్ టేపు చుట్టి 200 డిగ్రీల దగ్గర 3 గంటలు. పంపు దారిలో సిలికా జెల్.
2. గేజి 60 కిందికి వచ్చాక 0.10 ఆంపియర్. ప్రెషర్ పెరుగుతుంది. మళ్లీ 60 కిందికి దిగేదాకా ఆగాలి.
3. 0.05 చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర అలాగే ఆగాలి. గేజి 150 దాటితే వెంటనే ఒక మెట్టు కిందికి.
4. పని వెలుగు కంటే కొంచెం ఎక్కువ దాకా తీసుకెళ్లి, చల్లార్చి, మళ్లీ వెలిగించాలి. గేజి కదలకపోతే అయిపోయినట్టు.

మొదటిసారి వెలిగించినప్పుడు గేజి 400కు దూకేది, ఇప్పుడు 38 నుంచి 41కి మాత్రమే కదిలింది. 32 వోల్టులు, 0.51 ఆంపియర్, 16 వాట్లు. ఉపరితలం, వాట్లు పెట్టి లెక్కిస్తే ఫిలమెంటు వేడి సుమారు 1,600 సెల్సియస్. 30 సెం.మీ. దూరంలో వెలుగు 15 లక్స్. 5 గంటల 20 నిమిషాలు వెలిగింది.

పోలిక కోసం: 1879 అక్టోబరు 22న మెన్లో పార్క్‌లో నూలు దారం బల్బు 40 గంటలు వెలిగిందని చాలాచోట్ల రాస్తారు. అక్కడి నోటుబుక్కులో ఉన్నది పదమూడున్నర గంటలు. ఆ తర్వాత కాంతి పెంచి ఇంకో గంట నడిపితే గాజు పగిలింది. ఆ రోజు ముందు ఓడిపోయింది దారం కాదు, గాజు.

ఖర్చు: హీటింగ్ టేపు 1,400, సిలికా జెల్ 150, గాజు పని 1,800. ఈ దశకు 3,350.
మొత్తం: ₹37,800. ఎక్కువసేపు: 5 గంటల 20 నిమిషాలు.

దశ 5: వెదురు

1880 వేసవిలో ఎడిసన్ తన ల్యాబులో ఉన్న తాటాకు విసనకర్ర అంచుకు కట్టిన వెదురు పేడును తీసి కాల్చి చూశాడు. అప్పటివరకు వాడుతున్న అట్ట ఫిలమెంటు కంటే బాగా వచ్చింది. దాంతో విలియం మూర్ అనే మనిషిని జపాన్ పంపాడు. క్యోటో దగ్గర యవత వెదురుతో బల్బులు 1,200 గంటలు దాటాయి.

నేను మేదరుల దగ్గర ముదురు వెదురు తీసుకున్నాను. లేత వెదురు కాలిస్తే చీలిపోయింది. వెదురు గోడలో లోపలి భాగం మెత్తన, బయటి పచ్చటి చర్మం కిందే నార దట్టంగా ఉంటుంది. పైనున్న మెరిసే పొర గీకేసి, దాని కింద అర మిల్లీమీటరు మాత్రమే వాడాలి. కణుపు అసలు పనికిరాదు, నార అక్కడ వంకర తిరుగుతుంది.

కత్తితో చెక్కితే మందం 0.1 మి.మీ. దాకా తేడా వచ్చింది. పాత రంపపు బ్లేడుకు 0.8, 0.6, 0.5 మి.మీ. బెజ్జాలు చేసి, తడిపిన పేడును ఒకదాని తర్వాత ఒకటిగా అందులోంచి లాగాను. చివర్లో గాజు పలక మీద గరుకు కాగితంతో రెండు వైపులా రుద్దితే తేడా 0.02కి తగ్గింది. ఈ పనికి పట్టే ఓపిక ఎక్కువే, కాని జీవితకాలం అంతా ఇక్కడే తేలుతుంది.

కాలాక: 0.20 × 0.30 మి.మీ., పొడవు 60 మి.మీ. చల్లగా 96 ఓమ్‌లు, వేడిగా 52. 42.7 వోల్టులు, 0.82 ఆంపియర్, 35 వాట్లు. 33 లక్స్. పంపు మీదే ఉంచి నడిపితే 31 గంటలు.

చివరి గంటల్లో బుడ్డి లోపల గోధుమ రంగు మసి పట్టింది. అందులో ఒక సన్నటి శుభ్రమైన గీత, పాజిటివ్ వైపు కాలు నీడ పడ్డట్టు. ఎడిసన్ కూడా ఇదే చూశాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి బుడ్డిలో ఇంకో లోహపు పలక పెడితే, ఖాళీలోంచి కరెంటు పారింది. 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ దాన్నుంచే రేడియో వాల్వు చేశాడు. ఆ గీత నా గాజు మీద కనిపించిన రోజు ఇక వేరే కొలతలేవీ తియ్యలేదు, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఖర్చు: వెదురు 80, సన్నటి డ్రిల్ బిట్లు 420.
మొత్తం: ₹38,300. ఎక్కువసేపు: 31 గంటలు.

దశ 6: సన్నటి చోట్లను నింపడం

1878లో విలియం సాయర్, ఆల్బన్ మాన్ అనే ఇద్దరు అమెరికన్లు కనిపెట్టిన పద్ధతి ఇది. ఫిలమెంటును పెట్రోలు లాంటి ఆవిరిలో వెలిగిస్తే, వేడికి ఆ ఆవిరి విడిపోయి కార్బన్ పొరగా పట్టుకుంటుంది. ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ వేడి ఎక్కువ, అక్కడే ఎక్కువ కార్బన్ పేరుకుంటుంది. దశ 3లో ఫిలమెంటును చంపిన ఆ చక్రమే ఇక్కడ దాన్ని బాగుచేస్తుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే.

నేను బుడ్డిని 50 మైక్రాన్లకు లాగి, నీడిల్ వాల్వుతో కొద్దిగా వంటగ్యాసు 5,000 మైక్రాన్ల దాకా వదిలాను. లోపల గాలి లేకుండా చూసుకోవడం ముఖ్యం, లేకపోతే పేలుడు మిశ్రమం అవుతుంది. పంపు వదిలే గొట్టం ఆరుబయటికి ఉండాలి, దగ్గరలో మంట ఉండకూడదు. 0.7 ఆంపియర్ దగ్గర కొద్ది సెకన్ల చొప్పున వెలిగిస్తూ, మధ్యలో చల్లగా రెసిస్టెన్స్ కొలుస్తూ 96 నుంచి 70 ఓమ్‌లకు తెచ్చాను. ఒకేసారి ఎక్కువసేపు ఉంచితే మసి మెత్తగా పట్టి రాలిపోతుంది.

ఫిలమెంటు నల్లటి మట్టి రంగు నుంచి ఉక్కు రంగులోకి మారింది. వేడిగా 41 ఓమ్‌లు, 36.8 వోల్టులు, 0.9 ఆంపియర్, 33 వాట్లు. వెలుగు అంతకుముందులాగే ఉంది, కాని పొడవునా ఒకే రంగు. పంపు మీద 58 గంటలు.

ఖర్చు: నీడిల్ వాల్వు 450.
మొత్తం: ₹38,750. ఎక్కువసేపు: 58 గంటలు.

దశ 7: పంపు నుంచి విడదీయడం

ఇప్పటిదాకా చెప్పిన గంటలన్నీ పంపు నడుస్తుండగా వచ్చినవే. గొట్టాన్ని సన్నటి చోట కరిగించి మూసి, బల్బును విడదీస్తే మొదటిది 6 గంటలకే పోయింది. గాజు మెత్తబడినప్పుడు అది వదిలిన వాయువు బుడ్డిలోనే చిక్కుకుంది. ఆనాటి బల్బుల కొసన ఉండే మొన ఈ మూసిన గుర్తే.

మార్చినవి:

1. సన్నటి మెడ ముందే 3 మి.మీ.కి తగ్గించి చేయించాను. కరిగించాల్సిన గాజు తగ్గింది.
2. మూసేముందు ఆ మెడను మెత్తబడనంత వేడిలో పావుగంట ఉంచి, పంపుతో లాగుతూ ఉన్నాను.
3. మూసే క్షణంలో ఫిలమెంటు వెలుగుతూనే ఉండాలి, చల్లారితే మళ్లీ వాయువు పీల్చుకుంటుంది.

ఈ మార్పులతో 19 గంటలు. మిగతా వాయువును పట్టేయడానికి తర్వాతి రోజుల్లో బల్బుల ఫ్యాక్టరీలు ఎర్ర ఫాస్ఫరస్ వాడాయి. దాన్ని ఇంట్లో వేడి చేసే ఉద్దేశం లేదు. బేరియం పూత ఉన్న పాత రేడియో వాల్వు లోపలి రింగు పనికొస్తుందేమో చూస్తాను.

ఖర్చు: గాజు పని 900.
మొత్తం: ₹39,650. విడదీసిన బల్బు: 19 గంటలు. పంపు మీద: 58 గంటలు.

తర్వాతి పని: వెదురు చెక్కడం మానేసి, దూదిని వేడి జింక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించి, సూదిలోంచి స్పిరిట్‌లోకి వత్తి నున్నటి దారం తీయడం. తర్వాతి రోజుల్లో ఫ్యాక్టరీలు వెదురును వదిలి ఇటే వచ్చాయి. జింక్ క్లోరైడ్ తెప్పించాను. 22 గేజి సూదితో మొదలుపెట్టి, ఎండాక మందం 0.25 మి.మీ. కంటే తక్కువ వస్తే దానికంటే లావైన 20 గేజి సూదికి మారుస్తాను.